పాత బెరెట్టా 92ఎఫ్‌ఎస్: ముందు స్ప్రింగులు, తరవాతే సోకులు

మీరు అడిగింది ఇదీ: సెకండ్ హ్యాండ్‌లో బెరెట్టా 92ఎఫ్‌ఎస్ పిస్టల్ కొన్నారు, ఎన్ని రౌండ్లు పేలిందో తెలీదు. లైసెన్సు ఉంది, రోజూ నడుముకి పెట్టుకుని తిరగాలనుంది. గ్రిప్పులు మార్చి, ట్రిగ్గర్ తేలిక చేయించి, కొత్త సైట్లు వేయిద్దామనుకుంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి, దేన్ని ముట్టుకోకూడదు?

స్ప్రింగులతో మొదలుపెట్టండి. ఈ పిస్టల్‌లో ఫ్రేమూ బ్యారెలూ తొందరగా పోయేవి కావు. పోయేవి నాలుగే: రికాయిల్ స్ప్రింగు, ట్రిగ్గర్ రిటర్న్ స్ప్రింగు, మ్యాగజైన్ స్ప్రింగులు, లాకింగ్ బ్లాక్ (పేలేటప్పుడు బ్యారెల్‌నీ స్లైడ్‌నీ కలిపి పట్టి ఉంచే ముక్క). ఎన్ని రౌండ్లు తిన్నదో తెలియని తుపాకీలో ఈ నాలుగింటినీ పాతవిగానే లెక్కేసుకోవాలి. గ్రిప్పుల మీద పెట్టే డబ్బులో సగంతో మూడు రకాల స్ప్రింగులూ కొత్తవి వచ్చేస్తాయి. ఈ పని కాకుండా సోకుల మీద ఖర్చు పెట్టినవాళ్ళే తరవాత "బెరెట్టా నమ్మకమైంది కాదు" అని చెబుతుంటారు.

ముందు విప్పి చూడండి. మ్యాగజైన్ తీసేయండి, స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి ఆపండి, చాంబర్‌ని (బ్యారెల్ వెనక గుండు కూర్చునే చోటు) కంటితో చూడండి, వేలు పెట్టి కూడా చూడండి. మీరు ఈ పని చేసే గదిలో గుళ్ళే ఉండకూడదు. ఆ తరవాత కుడివైపున్న చిన్న బటన్ నొక్కి పట్టుకుని, ఎడమవైపు లివర్‌ని కిందికి తిప్పితే స్లైడ్ ముందుకి జారి వచ్చేస్తుంది. విప్పడానికి ట్రిగ్గర్ నొక్కాల్సిన పని లేకపోవడం ఈ మోడల్‌లో ఉన్న పెద్ద సుగుణం. రికాయిల్ స్ప్రింగు బిగుతుగా నొక్కుకుని ఉంటుంది కాబట్టి గైడ్ రాడ్‌ని కొంచెం ముందుకి నొక్కి జాగ్రత్తగా పైకి లేపాలి, లేకపోతే ఎగిరిపోతుంది. బ్యారెల్ వెనకవైపు చిన్న ప్లంజర్ కనిపిస్తుంది. దాన్ని నొక్కితే లాకింగ్ బ్లాక్ కిందికి దిగుతుంది, బ్యారెల్ చేతిలోకి వస్తుంది.

ఎక్కువసేపు చూడాల్సింది ఆ లాకింగ్ బ్లాక్‌నే. చాలా పిస్టళ్ళలో పేలినప్పుడు బ్యారెల్ వెనక భాగం కిందికి వాలుతుంది. 92లో అలా కాదు. పాత వాల్టర్ పి38 పద్ధతిలో బ్యారెల్ తిన్నగా వెనక్కి వచ్చి ఆగుతుంది, దాని కింద వేలాడే బ్లాకే కిందికి దిగి స్లైడ్‌ని వదులుతుంది. బ్లాక్‌కి రెండు పక్కలా చిన్న రెక్కలు ఉంటాయి. ప్రతి రౌండ్ దెబ్బా ఆ రెక్కల మీదే పడుతుంది. రెక్క మొదలయ్యే మూలలో, అంటే బ్లాక్ ఒంటికి అతుక్కునే చోట, వెంట్రుకంత సన్నటి పగులు వస్తుంది. నూనె పూర్తిగా తుడిచేసి, టార్చి ఏటవాలుగా వేసి, భూతద్దంతో చూడండి. నూనె ఉంటే పగులు కనిపించదు. నూనె తుడిచిన కాసేపటికి ఒక సన్నటి గీత వెంబడి మళ్ళీ తడి ఊరితే అది పగులే. పాత రకం బ్లాకుల్లో ఆ మూల పదునుగా లంబకోణంలో ఉంటుంది, తరవాతి రకాల్లో గుండ్రంగా చేశారు. పదును మూలదైతే పగులు కనిపించకపోయినా మార్చేయమనే చెబుతాను. గుండ్రటిదే అయినా చాలామంది దాదాపు 20 వేల రౌండ్లకి మార్చేస్తారు. ప్లంజర్, పిన్నుతో కలిపి కిట్‌గా దొరుకుతుంది. వేశాక స్లైడ్ ఎక్కడా పట్టేయకుండా, బలం పెట్టకుండానే పూర్తిగా మూసుకోవాలి. రెండు రెక్కల మీదా అరుగుదల గుర్తు దాదాపు ఒకేలా పడాలి. ఒక రెక్క మీదే మెరుపు కనిపిస్తుంటే అదొక్కటే బరువు మోస్తున్నట్టు. దాన్ని అనుభవమున్న గన్‌స్మిత్‌కి చూపించండి.

స్లైడ్‌లో లాకింగ్ బ్లాక్ రెక్కలు కూర్చునే గాళ్ళ చుట్టూ కూడా చూడండి. స్లైడ్ సన్నబడేది అక్కడే. అమెరికా సైన్యం 1985లో ఈ పిస్టల్‌ని ఎం9 పేరుతో తీసుకున్నాక, ఆ దశాబ్దం చివర్లో కొన్ని స్లైడ్లు విరిగి వెనక సగం కాల్చేవాళ్ళ ముఖం మీదికి వచ్చింది. అందుకే ఎఫ్‌ఎస్ మోడల్‌లో హ్యామర్ (వెనకనుంచి కొట్టే సుత్తి) పిన్ తల పెద్దది చేసి, స్లైడ్ అడుగున దానికి తగ్గ గాడి పెట్టారు. స్లైడ్ విరిగినా ఆ తలకి తగిలి ఆగిపోతుంది. కాబట్టి హ్యామర్ పిన్ మార్చాల్సి వస్తే పెద్ద తల ఉన్నదే వేయాలి. పాత 92ఎఫ్ భాగాలు కలిపి కట్టిన తుపాకీ మీ చేతికొచ్చిందేమో కూడా ఇక్కడే తెలుస్తుంది.

ఫ్రేమ్ పట్టాల మీద నల్ల పూత పోయి అల్యూమినియం మెరుస్తుంటే కంగారు పడకండి, అది మామూలే. వేలికి తగిలే గాట్లు, బ్లాక్ ఆనే చోట నొక్కుకుపోయిన లోహం, పగుళ్ళు మాత్రం మామూలు కాదు. బ్యారెల్ లోపల క్రోమ్ పూత ఉంటుంది, కాబట్టి ఘాటు రాగి సాల్వెంట్లతో రోజూ రుద్దనక్కర్లేదు.

ఇక స్ప్రింగులు. రికాయిల్ స్ప్రింగు ఫ్యాక్టరీది 13 పౌండ్లది. 3 నుంచి 5 వేల రౌండ్లకోసారి మార్చాలి. మీది ఎన్ని తిన్నదో తెలీదు కాబట్టి ఇప్పుడే మార్చేయండి. ఇది నీరసపడితే స్లైడ్ వెనక్కి మరీ గట్టిగా కొట్టుకుంటుంది, ఆ దెబ్బ లాకింగ్ బ్లాక్‌కీ ఫ్రేమ్‌కీ తగులుతుంది. "దెబ్బ తగ్గుతుంది" అంటూ 16, 18 పౌండ్లవి అమ్మేవాళ్ళుంటారు. అవి వేస్తే స్లైడ్ ముందుకి మరీ వేగంగా మూసుకుంటుంది, బలం తక్కువున్న రౌండ్లతో పూర్తిగా వెనక్కి రాక ఖాళీ కేసు చిక్కుకుపోతుంది. 13 దగ్గరే ఉండండి. ప్లాస్టిక్ గైడ్ రాడ్ ఉంటే ఉండనివ్వండి, వంగుతుందే తప్ప అంత తేలిగ్గా విరగదు. స్టీలుది వేస్తే ముందువైపు కాస్త బరువు పెరుగుతుంది, అంతకి మించి లాభం లేదు.

ట్రిగ్గర్ రిటర్న్ స్ప్రింగు చిన్న చుట్ట తీగ. ఈ పిస్టల్‌లో మనల్ని నిలబెట్టి మోసం చేసేది అదే. విరిగితే ట్రిగ్గర్ ముందుకి రాదు, వేలితో ముందుకి తోస్తే తప్ప తరవాతి రౌండ్ పేలదు. కాల్చకుండా ఉత్తినే ట్రిగ్గర్ నొక్కే సాధనకీ ఇది అంతే అరుగుతుంది. రోజూ వంద సార్లు డ్రై ఫైర్ చేస్తే 50 రోజుల్లో 5 వేల సార్లు మెలికపడినట్టే, మీ రౌండ్ల లెక్కలో అది కనిపించదు. ఏడాదికోసారి మార్చండి, ఒకటి ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి. తీగకి బదులు వుల్ఫ్ కంపెనీ చేసే ట్రిగ్గర్ రిటర్న్ యూనిట్ వేసుకుంటే ఇంకా మన్నుతుంది. ట్రిగ్గర్ మాత్రం కాస్త బరువుగా తగలొచ్చు. రోజూ పెట్టుకునే తుపాకీలో ఆ మాత్రం బరువు ఫరవాలేదు.

మీరు అడిగిన "తేలికైన ట్రిగ్గర్" సంగతి హ్యామర్ స్ప్రింగులో ఉంది. ఫ్యాక్టరీది 20 పౌండ్లది. మొదటి గుండు డబుల్ యాక్షన్‌లో (ట్రిగ్గర్ లాగుడే హ్యామర్‌ని వెనక్కి లేపి వదిలే పద్ధతి) సుమారు 12 పౌండ్ల లాగుడు వస్తుంది. కేవలం డబుల్ యాక్షన్‌తో వచ్చే 92డి మోడల్ స్ప్రింగు 16 పౌండ్లది, దాన్నే అందరూ డి స్ప్రింగు అంటారు. అది వేస్తే లాగుడు చెప్పుకోదగ్గంత తగ్గుతుంది, ప్రైమర్ (తూటా అడుగున మంట పుట్టించే భాగం) మీద దెబ్బ మాత్రం నమ్మకంగానే పడుతుంది. చౌకగా, తేలిగ్గా, వెనక్కి మార్చుకోగలిగేలా జరిగే మార్పు ఇదొక్కటే. 12, 13 పౌండ్లవి పోటీలవాళ్ళకి. గట్టి ప్రైమర్లున్న తూటాలు వాటితో పేలకుండా పోతాయి. నడుముకి పెట్టుకునే దానికి అవి వద్దు.

మార్చే పద్ధతి ఇది. తుపాకీ ఖాళీ అని మళ్ళీ చూసుకుని, హ్యామర్ కిందికి దించి ఉంచండి, అప్పుడు స్ప్రింగు మీద ఒత్తిడి తక్కువ ఉంటుంది. గ్రిప్ పలకలు తీస్తే (కుడి పలక గురించి కింద చెప్పిన జాగ్రత్తతో) అడుగున వెనకవైపు హ్యామర్ స్ప్రింగు మూత, దాన్ని అడ్డంగా పట్టుకున్న పిన్ కనిపిస్తాయి. మూతని ఏదైనా చెక్క ముక్కకి అదిమి కొంచెం లోపలికి నొక్కితే పిన్ వదులవుతుంది. సరిపడే పంచ్‌తో పిన్‌ని బయటికి కొట్టి, మూతని నెమ్మదిగా వదలండి. రక్షణ కళ్ళద్దాలు తప్పనిసరి, స్ప్రింగు జారితే నేరుగా ముఖానికే వస్తుంది. పాతది తీసి కొత్తది స్ట్రట్ (హ్యామర్‌కి వేలాడే కడ్డీ) మీద తిన్నగా కూర్చోబెట్టి, మూత నొక్కి పిన్ ఎక్కించండి. పిన్ రెండు పక్కలా ఫ్రేమ్‌తో సమంగా ఉండాలి. ఒక పక్క పొడుచుకొస్తే గ్రిప్ కూర్చోదు.

సియర్‌నీ (హ్యామర్‌ని వెనక పట్టి ఉంచే ముక్క) హ్యామర్ గాటునీ మాత్రం రాయితో, ఎమరీతో రుద్దకండి. వాటి గట్టిదనం పైపొర వరకే. అది పోతే మొదట ట్రిగ్గర్ వెన్నలా అనిపిస్తుంది, తరవాత ఒక రోజు స్లైడ్ మూసుకోగానే హ్యామర్ దానంతట అదే పడుతుంది. అంతకన్నా బాగుండాలంటే పేరున్న తయారీదారు పూర్తి ట్రిగ్గర్ కిట్ తీసుకోండి, చేత్తో అరగదీయించడం వద్దు.

ఏం మార్చినా ఈ తనిఖీ చేయాలి. ఖాళీ తుపాకీ, ఖాళీ చాంబర్, సురక్షితమైన దిక్కు. స్లైడ్ లాగి వదిలి ట్రిగ్గర్ నొక్కండి, హ్యామర్ పడాలి. నొక్కి పట్టుకునే స్లైడ్ మళ్ళీ లాగండి, హ్యామర్ వెనకే నిలవాలి. ట్రిగ్గర్ నెమ్మదిగా వదిలితే క్లిక్ వినిపించాలి, మళ్ళీ నొక్కితే పడాలి. హ్యామర్ కింద ఉండగా డబుల్ యాక్షన్‌లో నొక్కండి. ఇప్పుడు స్లైడ్ పైన వెనక సైటు దగ్గర చిన్న గుండ్రటి ముక్క పైకి లేవడం కనిపిస్తుంది. అది ఫైరింగ్ పిన్ బ్లాక్. లేవకపోతే తుపాకీ పేలదు. ట్రిగ్గర్ వదిలినా కిందికి దిగకపోతే కింద పడ్డప్పటి రక్షణ పోయినట్టే. చివరగా హ్యామర్ ఎక్కించి సేఫ్టీ లివర్ కిందికి నొక్కండి. హ్యామర్ సురక్షితంగా పడాలి, ఆ తరవాత ట్రిగ్గర్ ఎంత నొక్కినా హ్యామర్ కదలకూడదు. వీటిలో ఒక్కటి తప్పినా గుళ్ళు పెట్టకండి.

గ్రిప్పుల విషయంలో మీ ఆలోచన మంచిదే. 92 చేతిలో లావుగా ఉంటుంది, ముఖ్యంగా వేళ్ళు పొట్టివాళ్ళకి డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ అందదు. సన్నటి జీ10 (గాజు పీచుతో చేసే గట్టి పదార్థం) లేదా అల్యూమినియం పలకలు వేస్తే చుట్టుకొలత కనిపించేంత తగ్గుతుంది. ఇంకా అందకపోతే షార్ట్ రీచ్ ట్రిగ్గర్ ఉంటుంది. అప్పటికీ చాలకపోతే వెనకవైపు నిటారుగా ఉండే వెర్టెక్ ఫ్రేమ్ మోడలే మీకు సరిపోతుంది. ఇక్కడ జాగ్రత్త ఒకటి ఉంది. కుడి పలక కింద ట్రిగ్గర్ బార్, దాన్ని పైకి నెట్టే సన్నటి స్ప్రింగు ఉంటాయి. పలక తీయగానే అవి జారి పడొచ్చు, ముందే ఫోటో తీసుకోండి. కొత్త పలక లోపలివైపు ట్రిగ్గర్ బార్‌కి చాలినంత చోటు తొలిచి లేకపోతే బార్ రాసుకుంటుంది. ట్రిగ్గర్ బరువెక్కడం, రీసెట్ కాకపోవడం అలాగే మొదలవుతాయి. పలక బిగించే ముందూ బిగించాకా ట్రిగ్గర్ నొక్కి చూడండి, తేడా తెలిస్తే పలకే కారణం. స్క్రూలు కూర్చునే బుష్షింగులు అల్యూమినియం ఫ్రేమ్‌లోకి దిగి ఉంటాయి. బలం పెడితే మరలు పోతాయి. చేతికి ఆగేంత బిగించి చాలించండి. బుష్షింగు స్క్రూతో పాటే ఊడి వస్తుంటే బుష్షింగు బయటి మరలకే నీలం రంగు లాక్‌టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) సూదిమొనంత రాయండి, స్క్రూకి కాదు.

సైట్ల దగ్గర మీకు నిరాశే. 92ఎఫ్‌ఎస్‌లో ముందు సైటు స్లైడ్‌తో కలిపి చెక్కిందే, ఊడదు. మార్చాలంటే స్లైడ్‌ని మిల్లింగ్ చేయించి గాడి పెట్టించాలి. దానికయ్యే ఖర్చుతో ముందు సైటు మారే మోడల్‌కి దారి వేసుకోవచ్చు. వెనక సైటు డొవ్‌టెయిల్‌లో (పక్కకి జరిపి తీయగల గాడి) ఉంటుంది కాబట్టి మారుతుంది. మీ తుపాకీకి ముందు చుక్కని ముదురు నారింజ రంగుతో నింపి, వెనక రెండు చుక్కల్నీ నల్లగా చేసేయండి. రంగు వేసే ముందు చుక్కని ఆల్కహాల్‌తో తుడవండి, ముందు ఒక తెల్ల పూత, దాని మీద నారింజ. తెల్ల అడుగు లేకపోతే నారింజ మట్టిరంగులా కనిపిస్తుంది. లైటు పట్టే రైలు కూడా ఎఫ్‌ఎస్‌కి లేదు, అది ఎం9ఏ1, 92ఏ1 లాంటి వాటికే.

ఇక రోజూ మోయడం. ఖాళీ పిస్టల్ 945 గ్రాముల వరకూ ఉంటుంది. 15 తూటాలు ఒక్కొక్కటి 12 గ్రాముల లెక్కన ఇంకో 180 గ్రాములు. అంటే కిలో దాటి వంద గ్రాములకి పైనే నడుము మీద ఉంటుంది. పొడవు 217 మిల్లీమీటర్లు, మందం 38. మోయలేని బరువేం కాదు, కానీ మామూలు బట్టల దుకాణం బెల్టు మీద మోయలేరు. 38 మిల్లీమీటర్ల వెడల్పు, లోపల గట్టి పొర ఉన్న తుపాకీ బెల్టు కొనండి. బెల్టు వంగిపోతే పిడి బయటికి వాలి చొక్కాలోంచి కనిపిస్తుంది, సాయంత్రానికి తుంటి నొప్పి పుడుతుంది. చాలామంది హోల్‌స్టర్‌ని తిట్టుకునే సమస్యలకి అసలు కారణం బెల్టే. ఈ పిస్టల్ దాగడంలో పొడవైన బ్యారెల్ ఇబ్బంది పెట్టదు, అది ప్యాంటు వెంబడి కిందికి పోతుంది. బయటపెట్టేది పిడే. అందుకే హోల్‌స్టర్ కొద్దిగా ముందుకి వాలి ఉండాలి, కుడిచేతివాళ్ళకి అది కుడి తుంటి ఎముకకి వెనకగా ఉండాలి.

హోల్‌స్టర్ ట్రిగ్గర్ గార్డుని పూర్తిగా మూయాలి, తుపాకీ తీశాక నోరు మూసుకుపోకూడదు. నడుము లోపల పెట్టుకునేవైతే చెమట కవచం ఉన్నది తీసుకోండి. తుపాకీని తోలు హోల్‌స్టర్‌లోనే పెట్టి దాచకండి, తోలు తేమ పీల్చి స్లైడ్‌కి తుప్పు పట్టిస్తుంది. 92 స్లైడ్ పైన తెరిచి ఉండటంతో బ్యారెల్ బయటికి కనిపిస్తుంది, చెమటా బట్ట నూగూ నేరుగా దాని మీదే పడతాయి. వారానికోసారి ఖాళీ చేసి తుడిచి పల్చగా నూనె రాస్తే చాలు.

మోసేటప్పుడు చాంబర్‌లో గుండుంటే హ్యామర్ దించే ఉండాలి. దించడం సేఫ్టీ లివర్‌తోనే. బొటనవేలితో హ్యామర్ పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి దించే అలవాటు మానేయండి. దించాక లివర్‌ని కిందే ఉంచి మోస్తారా, పైకి లేపి మోస్తారా అన్నది ముందే తేల్చుకుని ఎప్పుడూ అదే పాటించండి. ఈ లివర్ కిందికి ఉంటే సేఫ్, పైకి ఉంటే ఫైర్. కిందే ఉంచి మోసేవాళ్ళు తుపాకీ తీసిన ప్రతిసారీ బొటనవేలితో పైకి తోయడం సాధన చేయాలి. లేపి మోసేవాళ్ళకి వేరే చిక్కు. స్లైడ్‌ని పైనుంచి గుప్పిటతో పట్టి లాగితే లివర్ వేళ్ళకి తగిలి కిందికి పడిపోతుంది, తరవాత ట్రిగ్గర్ నొక్కితే ఏమీ జరగదు. నా సలహా జీ కన్వర్షన్ కిట్ వేయించమనే. అప్పుడు లివర్ హ్యామర్‌ని దించి తనంతట తనే పైకి వచ్చేస్తుంది, సేఫ్‌లో ఇరుక్కోవడం ఉండదు. డి స్ప్రింగు తరవాత డబ్బు పెట్టదగ్గ మార్పు ఇదే. లోపల చిన్న స్ప్రింగులు, డిటెంట్లు ఉంటాయి కాబట్టి తెలిసినవాళ్ళతో చేయించండి.

తుపాకీని తిరిగి హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు బొటనవేలు హ్యామర్ మీద ఆనించి దించండి. చొక్కా కొసో, తాడో ట్రిగ్గర్‌కి తగులుకుంటే హ్యామర్ వెనక్కి లేవడం వేలికి తెలుస్తుంది, అక్కడే ఆపేయొచ్చు. బయటికి హ్యామర్ ఉండని స్ట్రైకర్ పిస్టళ్ళలో లేని ఈ సౌకర్యం కోసమే చాలామంది ఈ పాత రకాన్ని వదలరు.

మ్యాగజైన్లు కంపెనీవి గానీ మెక్‌గార్‌వి గానీ తీసుకోండి. ఎన్ని రౌండ్లవి మీ దగ్గర చట్టబద్ధమో కొనే ముందే చూసుకోండి. ప్రతి దాని అడుగునా అంకె వేయండి. ఫీడింగ్ తప్పినప్పుడు ఏ అంకెదో రాసుకుంటే తుపాకీ తప్పో మ్యాగజైన్ తప్పో రెండు సెషన్లలో తేలిపోతుంది. చివరి రౌండ్ తరవాత స్లైడ్ వెనక ఆగకపోతే ముందు మీ బొటనవేలు ఎక్కడుందో చూడండి. పైకి పట్టుకునేవాళ్ళ వేలు స్లైడ్ స్టాప్‌ని నొక్కి ఉంచుతుంది. వేలు పక్కకి తీసినా ఆగకపోతే అప్పుడు మ్యాగజైన్ స్ప్రింగు.

తూటాని చాంబర్‌లో చేత్తో వేసి స్లైడ్ వదలకండి, ఎప్పుడూ మ్యాగజైన్ నుంచే ఎక్కించండి. లేకపోతే ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసుని బయటికి లాగే కొక్కెం) అంచు దెబ్బతినొచ్చు. రోజూ ఖాళీ చేసి నింపేవాళ్ళు అదే తూటాని మళ్ళీ మళ్ళీ చాంబర్‌కి ఎక్కిస్తుంటారు. ప్రతిసారీ బుల్లెట్ కొంచెం కేసులోకి దిగుతుంది, పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూడండి, పొట్టిగా కనిపిస్తే పక్కన పెట్టేయండి. ప్లస్ పీ (మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడితో పేలే) తూటాలని ఈ పిస్టల్ తట్టుకుంటుంది, కానీ సాధనంతా వాటితోనే చేస్తే లాకింగ్ బ్లాక్ ఆయుష్షు తగ్గుతుంది.

నూనె విషయంలో అల్యూమినియం ఫ్రేమ్ కాస్త ఎక్కువే అడుగుతుంది. పట్టాల మీద పల్చగా గ్రీజు, లాకింగ్ బ్లాక్ రెక్కలకీ వాటి గాళ్ళకీ, బ్యారెల్ మీద మెరుపు గీతలు పడ్డ చోట్లా, ట్రిగ్గర్ బార్ స్లైడ్‌కి తగిలే చోటా ఒక్కో చుక్క. ఫైరింగ్ పిన్ రంధ్రంలో మాత్రం నూనె వేయకండి, మసితో కలిసి ముద్దకట్టి పిన్ వేగాన్ని తగ్గిస్తుంది.

మార్పులన్నీ ఒకేరోజు చేయకండి. మొదట నాలుగు అరిగే భాగాలూ మార్చి 200 సాధన రౌండ్లు కాల్చండి. తరవాత డి స్ప్రింగు వేసి, కనీసం 100 రౌండ్లు ప్రతిదీ డబుల్ యాక్షన్‌లో, ప్రతిసారీ లివర్‌తో హ్యామర్ దించి మళ్ళీ నొక్కుతూ కాల్చండి. సింగిల్ యాక్షన్ (హ్యామర్ ముందే వెనక్కి లేచి ఉండే పద్ధతి) కన్నా డబుల్ యాక్షన్‌లో హ్యామర్ కొంచెం తక్కువ దూరం నుంచి పడుతుంది, ప్రైమర్ దెబ్బ చాలకపోతే బయటపడేది అప్పుడే. పేలని తూటా వస్తే 30 సెకన్లు తుపాకీని సురక్షితమైన దిక్కుకే పట్టి ఉంచి, తరవాత తీసి ప్రైమర్ చూడండి. గుంట లోతుగా ఉంటే తూటా తప్పు, తేలిగ్గా ఉంటే స్ప్రింగు తప్పు. ఆ తరవాత గ్రిప్పులు. చివర్లో మీరు మోయబోయే తూటాలతో, మోయబోయే మ్యాగజైన్లతో కనీసం 50 రౌండ్లు తప్పు లేకుండా నడిచాకే నడుముకి పెట్టుకోండి. అప్పటిదాకా, ఆ తరవాత కూడా ఒంటి మీద లేని ప్రతి నిమిషం అది తాళం వేసిన పెట్టెలో ఉండాలి, తాళం చెవి పిల్లల చేతికి అందని చోట ఉండాలి.